అక్టోబర్ రాకముందే మొరవలు చూడండి: తిరుపతి వరదలపై బహిరంగ లేఖ

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి, నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అధికారులకు, జలవనరుల శాఖ, తితిదే, రైల్వే ఇంజినీర్లకు నమస్కారాలు.

బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే జిల్లాకు ఎల్లో, ఆరెంజ్, రెడ్ అని రంగులు ప్రకటిస్తారు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం అని వాతావరణ శాఖ లెక్క. ఆ లెక్క అవసరమే. కానీ ఎం.ఆర్.పల్లెలో ఏ వీధి మునుగుతుంది, రాత్రి ఏ వేళకు మునుగుతుంది అన్నది ఆ రంగు చెప్పదు. పేరూరు, తుమ్మలగుంట, అవిలాల చెరువుల్లో ఆ సాయంత్రానికి ఎంత ఖాళీ మిగిలింది, వాటి మొరవ (చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే అలుగు) కింది కాలువలు ఎంత నీటిని మోయగలవు అన్న రెండు సంగతులు చెబుతాయి. తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టును పక్కన పెడితే, తిరుపతికి వచ్చేది చాలావరకు చెరువుల వరద. అందువల్ల చెరువు మట్టాన్ని బట్టి పనిచేసే ఏర్పాటు ఒకటి అక్టోబర్‌లోపు సిద్ధం చేయమని ఈ లేఖలో అడుగుతున్నాం.

ముందు జరిగినవి చూద్దాం. 2015 నవంబర్ వానలు పాత చిత్తూరు, నెల్లూరు జిల్లాలను ముంచెత్తాయి. 2020 నవంబర్ 25 అర్ధరాత్రి ప్రాంతంలో నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. తీరం దాటిన చోటు మనకు అంత దూరాన ఉన్నా రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు వాగులు పొంగాయి. 2021లో వాయుగుండం పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది నవంబర్ 19 తెల్లవారుజామున. తిరుపతి అంతకు ముందురోజే మునిగిపోయింది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను మన తీరాన్ని రాసుకుంటూ పోయి జిల్లాను తడిపేసింది.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. మన అర్ధగోళంలో తుపాను సుడి అపసవ్యంగా తిరుగుతుంది. కాబట్టి కేంద్రానికి ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదికి సముద్రపు తడిని మోసుకొచ్చే తూర్పుగాలి వీస్తుంది. ఆ గాలి శేషాచలానికి తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, ఉన్నదంతా అక్కడే దించేస్తుంది. "తుపాను మద్రాసు వైపు పోతోందంట, మనకేం లేదు" అని ఊపిరి పీల్చుకునే మాట తిరుపతిలో చెల్లదు. మద్రాసుకో పుదుచ్చేరికో పోయే తుపానే మనకు ఎక్కువ వాన తెస్తుంది. పైగా కేంద్రం ఇంకా సముద్రంలో ఉండగానే తెస్తుంది. తీరం దాటే వేళను చూసుకుని కంట్రోల్ రూం తెరిస్తే అప్పటికే సగం పని అయిపోయి ఉంటుంది.

2021 నవంబర్‌లో కపిలతీర్థం, మాల్వాడిగుండం జలపాతాలు విరుచుకుపడ్డాయి. కపిలతీర్థం ఆలయంలో మండపం దెబ్బతింది, శ్రీవారి మెట్టు మార్గం కొట్టుకుపోయింది, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టు కోసుకుపోయి ఇల్లు ఏట్లో కూలింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు నీరు ఊరడం మొదలై దిగువ పల్లెలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అవే వానలకు కొండల అవతల చెయ్యేరు పొంగి, 19వ తేదీన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. నాలుగేళ్లకు, 2025 నవంబర్‌లో, కె.వి.బి.పురం మండలంలో మరో రాయలచెరువు తెగి కళత్తూరును ముంచింది. మట్టికట్ట ఎక్కడైనా మట్టికట్టే. చిన్న చెరువు కదా అని తీసిపారేయడానికి లేదు.

నగరం వాలును ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఉత్తరాన నిటారు కొండ, దక్షిణాన స్వర్ణముఖి, మధ్యలో కొద్దిపాటి వాలు. కొండ దిగిన నీరు వేగంగా వస్తుంది, ఊళ్లోకి రాగానే మందగిస్తుంది. పాతవాళ్లు ఆ మందగించే చోట్లనే గుంటలు, చెరువులు తవ్వుకున్నారు. కొర్లగుంట, తాతయ్యగుంట, మల్లయ్యగుంట కట్ట, కొంకా చెన్నాయగుంట, తుమ్మలగుంట. వరద పటం తయారు చేయడానికి కన్సల్టెంటును పిలిచే ముందు ఈ పేర్లు ఒకసారి పైకి చదవండి. గుంట అన్నచోట నీరు నిలిచేది, కట్ట అన్నచోట దాన్ని ఆపేవారు. ఎర్రమిట్ట అని పేరు పెట్టినవాడికి ఏది మెరకో తెలుసు.

ఇప్పుడు లెక్కలోకి వస్తాం. వంద హెక్టార్ల కొండవాలు మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడుతోందనుకోండి. అందులో పదింట ఆరు వంతులు పారుతాయనుకుంటే సెకనుకు 8.3 ఘనపు మీటర్ల నీరు దిగుతుంది. చెరువు ఖాళీగా ఉంటే దాన్ని తాగేస్తుంది. నిండి ఉంటే వచ్చింది వచ్చినట్టు మొరవ మీదుగా పోతుంది. 20 మీటర్ల పొడవున్న మొరవ మీద అర మీటరు ఎత్తున నీరు పారితే సెకనుకు సుమారు 12 ఘనపు మీటర్లు. మొరవ అంత నీటిని వదలగలదు, దాన్ని కట్టినవాళ్లు లెక్క చూసే కట్టారు. గొడవంతా దాని దిగువన మొదలవుతుంది. మొరవ కాలువ మీద లేఅవుటు రోడ్డు కోసం 900 మిల్లీమీటర్ల సిమెంటు తూరలు రెండు వేసి పైన మట్టి పోస్తే, సెకనుకు 2 మీటర్ల వేగంతో నిండుగా పారినా ఆ రెండూ కలిసి మోసేది రెండున్నర ఘనపు మీటర్లే. మిగిలిన తొమ్మిదిన్నర రోడ్డెక్కాలి, ఇంకో దారి లేదు. అదీ తూరలు శుభ్రంగా ఉన్నప్పటి మాట. తూర నోట్లో అడ్డంగా ఒక తాగునీటి పైపో కేబులో పోతే దానికి మొదట ఒక చీర చుట్టుకుంటుంది, తర్వాత కొబ్బరిమట్ట, ఆపైన ప్లాస్టిక్ సంచులు. గంటలో తూర మూసుకుపోతుంది.

అందుకే ప్రతి చెరువుకూ మొరవ నుంచి కిందనున్న చెరువు దాకా, లేదా స్వర్ణముఖి దాకా, కాలువ వెంట నడిచి ప్రతి కల్వర్టునూ కొలవాలి. వెడల్పు, ఎత్తు, అడుగుమట్టం, అడ్డంగా పోయిన పైపులు రాసుకోవాలి. అన్నిటికంటే ఇరుకైన కల్వర్టు ఎంత మోస్తుందో ఆ కాలువ మొత్తం మోసేది అంతే. అది ఒక్కటీ వెడల్పు చేయకుండా మిగతా చోట్ల కోట్లు పోసి సిమెంటు గోడలు కడితే నీరు ఆ ఇరుకు దగ్గరికి ఇంకాస్త తొందరగా వచ్చి చేరుతుందే తప్ప మేలు లేదు. పూడిక తీసేటప్పుడు మట్టిని గట్టున కుప్ప పోసి వదిలేస్తే మొదటి వానకే తిరిగి కాలువలో పడుతుంది. తీసిన రోజే ట్రాక్టరులో బయటికి పోవాలి. స్లాబు కప్పిన కాలువల్లో ప్రతి పది మీటర్లకు ఒక ఎత్తగలిగే పలక ఉంచండి, లేకుంటే లోపల ఏం పేరుకుందో మునిగేదాకా తెలియదు.

చెరువు దగ్గర చేయాల్సిన పనులు చెరువు నీటిని చూసుకునే పాత నీరుగంటికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఆ మనిషి లేడు కాబట్టి రాయాల్సి వస్తోంది. మొరవ మీద ఇసుక మూటలు, చెక్కలు అడ్డం పెట్టి ఒక అడుగు నీరు ఎక్కువ నిలుపుకోవడం మామూలు. చేపలు పోకుండా వల కడతారు, ఆ వలకు గుర్రపుడెక్క పట్టుకుని గోడలా నిలుస్తుంది. ఆ అడుగు ఎత్తు, నీటికీ కట్ట పైభాగానికీ మధ్య ఉండాల్సిన ఎడంలోంచే పోతుంది. చేపల వేలం షరతుల్లోనే అక్టోబర్ నుంచి డిసెంబర్ ఆఖరు దాకా మొరవకు వల కట్టరాదని రాయండి. కట్ట మీద మొలిచిన సర్కారు తుమ్మను సెప్టెంబర్‌లో మొదలంటా కొట్టి ఊరుకోవడం ఇంకో పొరపాటు. వేరు లోపలే కుళ్లి గొట్టంలా బోలు పడుతుంది, రెండేళ్లకు నీరు ఆ దారి పడుతుంది. చెట్టు చిన్నగా ఉండగానే వేరుతో తీసి, ఆ గుంతను బంకమట్టితో అరడుగు మందం పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చాలి.

కట్ట వెనుక వైపు నీరు ఊరుతుంటే ముందు ఆ నీటి రంగు చూడాలి. తేటగా, నిలకడగా ఊరుతుంటే కాపలా పెట్టి గమనిస్తే చాలు. బురదగా వస్తుంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట, గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి. ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. ఊట నోటి మీద బంకమట్టి వేసి మూసేస్తారు. లోపలి ఒత్తిడి తగ్గదు, నీరు పక్కన ఇంకో నోరు తెరుస్తుంది, ఈసారి పెద్దది. ఊటను మూయకూడదు, వడకట్టాలి. ముందు 15 సెంటీమీటర్ల మందాన ముతక ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన 40 మిల్లీమీటర్ల కంకర పరిస్తే నీరు బయటికి వస్తుంది, మట్టి లోపలే ఆగుతుంది. ఊట కట్ట అడుగున నేలలోంచి బుగ్గలా ఉబికితే చుట్టూ ఇసుక మూటలతో గుండ్రంగా దడి కట్టి, అందులో నీరు కొంత ఎత్తున నిలవనివ్వాలి. ఆ నీటి బరువే కింది ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. మూసే పని ఏదైనా ఉంటే అది చెరువు లోపలి వైపే, టార్పాలిన్ పరిచి మట్టి మూటలు దించి.

ఇసుక మూటల గురించి ఒక మాట. మూటను నిండా కుక్కి బిగించి కడితే గుండ్రాయిలా దొర్లుతుంది, మూటకూ మూటకూ సందు మిగులుతుంది. మూడింట రెండు వంతులే నింపి వదులుగా కట్టి, ఇటుకల్లా కీలు మార్చి పేర్చి తొక్కాలి. వంద మీటర్ల పొడవున అర మీటరు ఎత్తు అడ్డు కట్టడానికి సుమారు 2000 నుంచి 2500 మూటలు, నాలుగైదు టిప్పర్ల ఇసుక కావాలి. రాత్రి పదకొండింటికి వానలో ఇసుక వెతుక్కోవడం ఎలా ఉంటుందో మీ కిందివాళ్లను అడగండి. పెద్ద చెరువు ప్రతిదాని దగ్గరా సెప్టెంబర్ ఆఖరుకే ఇసుక, రెండు సైజుల కంకర, ఖాళీ సంచులు, టార్పాలిన్లు మెరకలో నిలవ ఉండాలి. కట్ట మీదికి టిప్పరు పోగలిగే దారి కూడా చూడాలి. తడిసిన మట్టిదారిలో దిగబడిన టిప్పరు ఉపయోగపడదు సరికదా, వెనకొచ్చే వాటికి దారి మూస్తుంది.

"అంత భయమైతే ముందే తూములెత్తి కొంత నీరు వదిలేస్తే పోలా" అని సమావేశాల్లో తేలిగ్గా అంటుంటారు. తూము ఎంత వదులుతుందో చూడండి. 45 సెంటీమీటర్ల తూర, పైన రెండు మీటర్ల నీరు ఉంటే సెకనుకు 0.6 ఘనపు మీటరు. రోజంతా వదిలితే 52 వేల ఘనపు మీటర్లు. చెరువులో నీరు పరుచుకున్న విస్తీర్ణం 40 హెక్టార్లయితే మట్టం తగ్గేది 13 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. వాన మొదలయ్యాక తూమెత్తడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఎత్తితే 48 నుంచి 72 గంటల ముందు ఎత్తాలి. తుపాను దారి మారి వాన రాకపోతే వదిలిన నీటికి ఆయకట్టు రైతు నిలదీస్తాడు, నిలదీయాలి కూడా. ఇది సీమ, ఇక్కడ నిండిన చెరువును వదలడమంటే చిన్న సంగతి కాదు. అందుకే ఈ నిర్ణయాన్ని ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఒక్కడి నెత్తిన పెట్టకండి. ఏ నెలలో, ఏ మట్టం దాటి నిండితే, ఏ హెచ్చరిక వస్తే, ఎన్ని సెంటీమీటర్లు వదలాలో నీటి సంఘాలతో కూర్చుని ముందే రాసుకుని కలెక్టర్ సంతకం పెట్టండి. విపత్తు నిర్వహణ చట్టం, 2005 కింద జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు కాబట్టి ఆ సంతకానికి బలం ఉంటుంది.

రైల్వే అండర్ బ్రిడ్జిలు. 2021 అక్టోబర్‌లో వెస్ట్ చర్చి దగ్గరి అండర్ బ్రిడ్జిలో నీట మునిగిన వాహనంలో కర్ణాటక నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురు చనిపోయింది. ఊరివాళ్లు వాన పడితే వెస్ట్ చర్చి, డీఆర్ మహల్ అండర్ బ్రిడ్జిల వైపు పోరు, చుట్టు తిరిగి పోతారు. రాత్రిపూట ఫోన్‌లో మ్యాపు చూసుకుంటూ కొండకు పోయే యాత్రికుడికి అది తెలియదు. తిరుపతికి ఉన్న ప్రత్యేకమైన ముప్పు ఇదే. రోజూ వేలమంది కొత్తవాళ్లు, కొత్త దారులు, తెలుగు రాని డ్రైవర్లు.

మోటార్లు పెట్టాం అన్నది సగం జవాబే. పది హెక్టార్ల చుట్టుపక్కల నీరు ఒక అండర్ బ్రిడ్జిలోకి దిగుతుందనుకుంటే, గంటకు 50 మిల్లీమీటర్ల వానలో పదింట ఎనిమిది వంతులు పారినా సెకనుకు 1100 లీటర్లు వస్తాయి. 25 హార్స్‌పవర్ పంపు ఎనిమిది మీటర్ల ఎత్తుకు తోడేది సెకనుకు 150 లీటర్ల చిల్లర. అలాంటివి ఏడు ఒకేసారి నడవాలి, అదీ కరెంటు ఉంటే. కాబట్టి ముందు చేయాల్సింది నీటిని లోపలికి దిగనీయకపోవడం. రెండు వైపులా వాలు మొదలయ్యే చోట రోడ్డును 15 సెంటీమీటర్లు ఎత్తు చేసి, దానికి ముందు రోడ్డు వెడల్పంతా ఇనుప జాలీ కాలువ వేసి పక్క కాలువలోకి తిప్పితే, పంపుకు మిగిలేది వంతెన కింద నేరుగా పడిన నీరే. పంపు తోడిన నీటిని అదే నిండిన కాలువలో పోస్తే తిరిగి కిందికే వస్తుంది, దాని గొట్టం వాలు దాటి దిగువకు పోవాలి. జనరేటరు రోడ్డు మట్టం కంటే మీటరు పైన దిమ్మె మీద ఉండాలి. గోడ మీద 30 సెంటీమీటర్ల ఎత్తున ఎర్రగీత గీయండి. చిన్న కారు తేలడానికి అంత నీరు చాలు, 60 సెంటీమీటర్ల పారే నీరు చాలా బండ్లను కొట్టుకుపోతుంది. నీరు గీతకు రాకముందే గేటు వేసే అధికారం అక్కడున్న మనిషికే ఇవ్వండి, ఫోన్ చేసి అడిగే పని పెట్టొద్దు. హెచ్చరిక బోర్డు తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీలో ఉండాలి.

ఇళ్లలో సంపుల గురించి కూడా నగరపాలక సంస్థ ఒక కరపత్రం వేయాలి. 2021 వరద తర్వాత ఎం.ఆర్.పల్లె శ్రీకృష్ణనగర్‌లో భూమిలో ఉన్న సిమెంటు రింగుల నీళ్ల తొట్టి, ఒకావిడ లోపల శుభ్రం చేస్తుండగానే పైకి లేచింది. ఆమె బయటపడింది. జనం వింత అని చూడటానికి పోయారు. అందులో వింతేమీ లేదు, ఖాళీ బిందెను నీళ్లలోకి నొక్కితే పైకి తన్నినట్టే. బయటి కొలతలు 4 మీటర్లు, 3 మీటర్లు, లోతు రెండున్నర మీటర్లు ఉన్న సంపును తీసుకోండి. చుట్టూ భూగర్భజలం పైదాకా వస్తే దాన్ని 30 టన్నుల బలంతో పైకి నెడుతుంది. 15 సెంటీమీటర్ల గోడలున్న ఆ సంపు కాంక్రీటు బరువు చూస్తే దాదాపు 20 టన్నులు. లోపల నీరుంటే నిలుస్తుంది. బురద చేరింది కడుక్కుందామని అంతా తోడేస్తే లేస్తుంది, లేకుంటే అడుగు పగులుతుంది. వరద తీసిన వారం రోజులు సంపు ఖాళీ చేయొద్దని చెప్పాలి. అంతవరకు ఆ నీరు తాగొద్దు. ఆ తర్వాత వెయ్యి లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి 12 గంటలు ఉంచి పారబోసి, మళ్లీ నింపుకోవాలి. పౌడరు పాత నిలవదైతే అందులో క్లోరిన్ మిగలదు, సంచి మీద తేదీ చూసి పంచండి.

కొండ సంగతి వేరు. తిరుమల ఘాట్‌లో పైనున్నది నగరి క్వార్ట్‌జైటు, కిందున్నది అంతకంటే ఎంతో పాత గ్రానైటు. ఆ రెండూ కలిసే గీతను భూగర్భ శాస్త్రవేత్తలు జాతీయ వారసత్వంగా గుర్తించారు. క్వార్ట్‌జైటు గట్టి రాయే, కానీ నిలువునా అడ్డంగా చీలికలు తీసి దిమ్మెలు పేర్చినట్టు ఉంటుంది. మధ్యలో మెత్తని పొరలున్నాయి. చీలికలోకి నీరు దిగుతుంది, చెట్టు వేరు దూరుతుంది, మెత్తని పొర కరుగుతుంది, పైదిమ్మెకు కాలు జారుతుంది. నవంబర్ 18 వానకు పట్టు వదిలిన రాయి ఆ రోజే పడాలని లేదు. రెండో ఘాట్ రోడ్డును కోసేసిన కొండచరియ పడింది 2021 డిసెంబర్ 1న. కాబట్టి వాన తెరిపిచ్చాక కనీసం రెండు వారాలు ఘాట్‌లో పొద్దున మొదటి బస్సుకు ముందు ఒక జట్టు నడిచి చూడాలి. రోడ్డు మీద కొత్తగా పడిన గులకరాళ్లు, వంగిన చెట్లు, పైగోడ రంధ్రాల్లోంచి బురద, లేదా నిన్నటిదాకా కారిన రంధ్రం హఠాత్తుగా ఆగిపోవడం. ఈ చివరిదాన్ని ఎవరూ పట్టించుకోరు, నీరు లోపల చిక్కుకుని గోడను నెడుతోందని దానర్థం. వానల ముందు వదులు రాళ్లను మనమే దించేయడం, ఇనుప వల, రోడ్డు పక్క రాయి పడే కందకం నిండకుండా చూడటం తితిదే ఇంజినీర్లకు తెలియనివి కావు. అయితే కొండ మీద వానమాపకం చూపే గంట గంట లెక్క కింద నగరపాలక కంట్రోల్ రూంకు కూడా నేరుగా రావాలి. కొండ మీద గంటలో 40 మిల్లీమీటర్లు దాటితే కింద కపిలతీర్థం రోడ్డులో, కొర్లగుంటలో మనుషులు కదలాలి.

ఇదే కొండకు వేసవిలో నిప్పు ముప్పు. 2014 మార్చిలో శేషాచలం అడవి కాలినప్పుడు వాయుసేన హెలికాప్టర్లతో నీళ్లు పోయించాల్సి వచ్చింది. ఆకు, గడ్డి కాలిపోయిన వాలు మీద తర్వాతి వాన ఆగదు, మట్టితో సహా దిగుతుంది. ఏ ఏడాది ఏ వాలు కాలితే దాని కిందనున్న వంకలు, చెరువులను ఆ ఏడు పూడికతీతలో ముందు వరుసలో పెట్టండి. అటవీశాఖ నిప్పు పటాన్నీ జలవనరుల శాఖ పనుల పట్టికనూ ఒకే బల్ల మీద పరిస్తే చాలు, దీనికి పైసా ఖర్చు లేదు.  

ఇక తుడా, నగరపాలక సంస్థల ప్లాను విభాగాలకు. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు, 10 మీటర్లు దాటిన వెడల్పున్న వాగు, కాలువకు 9 మీటర్లు, అంతకు తక్కువవాటికి 2 మీటర్లు వదలాలి. రూలు బాగుంది. ఆ పూర్తి నీటిమట్టం హద్దు నేల మీద ఎక్కడుందో చూపే రాయి లేకపోతే 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి? మొరవ శిఖర మట్టాన్ని లెవెల్ మిషన్‌తో చెరువు చుట్టూ తిప్పి, ప్రతి 50 మీటర్లకు ఒక రాయి పాతండి. ఇద్దరు సర్వేయర్లు ఉంటే మామూలు చెరువుకు వారం పని. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, చెరువు పోరంబోకు ఆక్రమణలపై 2011లో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో వాటిని తొలగించాలని గట్టిగా చెప్పింది. రాయి లేనిచోట ఇవేవీ కోర్టులో నిలబడవు. ఇళ్లు లేచిపోయిన గుంటల్లో పేదల ఇళ్లు కూల్చమని మేం అడగడం లేదు. అక్కడ నీరు పోయే దారి ఒక్కటి, కనీసం వీధి మధ్యలో, మిగల్చండి. ఆ వీధుల్లో కొత్త సిమెంటు రోడ్డు పోసేటప్పుడు పాతదాన్ని గీకి తీసి పోయండి. ఒకదాని మీద ఒకటి పోసుకుంటూ పోతే ఇల్లు గుంతలో పడుతుంది, ఆ తర్వాత ప్రతి వానా ఇంట్లోకే.

ఇప్పుడు మేం అడుగుతున్న కాగితం గురించి. చెరువుకొక కాగితం, ఒకే పేజీ. పైన చెరువు పేరు, మొరవ పొడవు, దిగువ కాలువలో ఇరుకైన కల్వర్టు ఏది, అది ఎంత మోస్తుంది. దాని కింద నాలుగు మట్టాలు. నీరు పెరిగి మొరవకు మీటరు దూరంలోకి వస్తే మొరవ, కాలువ, నిలవ సరుకు తనిఖీ. అర మీటరు దూరంలోకి వస్తే వాతావరణ హెచ్చరికను బట్టి తూము నిర్ణయం, కట్ట మీద రాత్రి కాపలా. మొరవ పారడం మొదలైతే దిగువ వీధులకు మైకు ప్రచారం, బండ్లు మెరకకు. మొరవ మీద 30 సెంటీమీటర్లు పారితే కింద పేర్లతో రాసిన వీధులు ఖాళీ, ఆ దారిలోని ట్రాన్స్‌ఫార్మర్లు ఆఫ్. ప్రతి మట్టం ఎదురుగా ఆ పని చేయాల్సిన ఉద్యోగి హోదా, ఆయన లేకపోతే ఇంకొకరి హోదా. వీధులు ఏవన్నది అంచనాగా రాయొద్దు. 2021లో నీరు ఎంతవరకు వచ్చిందో ఇళ్ల గోడల మీద మరక ఇంకా చాలాచోట్ల ఉంది. వార్డు సచివాలయ సిబ్బందితో ఆ మరకల ఎత్తు కొలిపించి రంగు గీత వేయించండి, సున్నం కొట్టేలోగా.

నీటిమట్టం చూపే గేజీ రాయి చెరువులో మొరవ పక్కనే, టార్చి వేస్తే కట్ట మీద నుంచి కనబడేలా ఉండాలి. అంకెలు మొరవ శిఖరాన్ని సున్నాగా పెట్టి కిందికి, పైకి రాయాలి. "మొరవకు 60 కింద" అంటే ఊళ్లో ఎవరికైనా అర్థమవుతుంది, సముద్రమట్టానికి ఇన్ని మీటర్లు అంటే ఎవరికీ కాదు. వానాకాలంలో రోజుకు రెండుసార్లు, హెచ్చరిక ఉన్నప్పుడు గంటకోసారి ఆ అంకె వార్డు సచివాలయం పలక మీద పడాలి. కళ్యాణి డ్యాం గేట్లు ఎత్తేముందు వెళ్లే సమాచారం స్వర్ణముఖి ఒడ్డున తిరుచానూరు దాకా ఇదే పలక మీదికి రావాలి.

ఆగస్టు ఆఖరుకు కల్వర్టుల కొలతలు, సెప్టెంబర్ 15కు గేజీ రాళ్లు, 30కి చెరువు కాగితాలు, నిలవ సరుకు. అక్టోబర్ మొదటి వారంలో ఒక రాత్రి, పగలు కాదు, పేరూరు చెరువు మొరవ పారినట్టు అనుకుని మాక్ డ్రిల్ పెట్టండి. వెస్ట్ చర్చి గేటు పడటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుని, ఆ అంకెను అందరికీ కనబడేలా ప్రకటించమని కోరుతున్నాం.

ఇట్లు,
చెరువులు, కాలువల పని తెలిసిన తిరుపతి పౌరులు కొందరు